సర్వీసింగ్ చేయించాక బండి లాగడం లేదు, టర్బో మార్చాల్సిందేనా?

అత్తాపూర్ నుంచి ఒక టీచర్ రాశారు. ఉత్తరం పెద్దది, బిల్లుల ఫొటోలు కూడా జతచేశారు. సంగతి క్లుప్తంగా ఇది. ఆమెది 2018 మోడల్ బండి, 1.5 లీటర్ టర్బో డీజిల్ ఇంజిన్. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం. భర్త మస్కట్‌లో ఉంటారు. స్కూలుకైనా, బాబు ట్యూషన్‌కైనా, మామగారిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికైనా నడిపేది ఆమే. రోజూ అత్తాపూర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, ఆరాంఘర్ వైపు దిగి, శంషాబాద్ దగ్గరున్న స్కూలుకు వెళ్తారు. ఈమధ్య కంపెనీ సర్వీస్ సెంటర్‌లో 80,000 కిలోమీటర్ల సర్వీసింగ్ చేయించారు. బిల్లు 14,860 రూపాయలు. మర్నాడు ర్యాంపు ఎక్కుతుంటేనే తేడా తెలిసింది. మూడో గేర్‌లో యాక్సిలరేటర్ ఎంత నొక్కినా బండి ముందుకు దూకడం లేదు. 2,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటాక వచ్చే ఊపు అసలే లేదు. బానెట్ లోపల ‘ఉస్స్’మని గాలి పోతున్న చప్పుడు. వెనక సీట్లో కూర్చున్న బాబు ‘అమ్మా, మన బండి నల్ల పొగ వదులుతోంది’ అన్నాడు. లీటరుకు 18 ఇచ్చే బండి ఇప్పుడు 14 ఇస్తోంది. ఇంజిన్ లైట్ మాత్రం వెలగలేదు.

బండి తిరిగి తీసుకెళ్తే మొదటిసారి ‘కొత్త ఫిల్టర్లు కదా, ఓ 500 కిలోమీటర్లు తిరిగితే సెట్ అవుతుంది’ అన్నారట. రెండోసారి రెండు రోజులు ఉంచుకుని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు. మార్పు లేదు. మూడోసారి ‘టర్బో పోయింది, 64,000 అవుతుంది’ అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. కాలనీలోని మెకానిక్ ఇంజెక్టర్లు, అంటే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలు, పోయాయంటున్నాడు. మామగారు బండి అమ్మేద్దామంటున్నారు. అసలు చిక్కు ఇంకొకటి. ఆ సర్వీస్ అడ్వైజర్ ఆమె మరిదికి చిన్ననాటి స్నేహితుడు. ఆమెను ‘వదినా’ అని పిలుస్తాడు. బిల్లులో ఎప్పుడూ ఎంతో కొంత తగ్గిస్తాడు. ‘మీకలా అనిపిస్తోంది గానీ బండి బాగానే ఉంది వదినా’ అన్నదీ అతనే, తర్వాత టర్బో పోయిందన్నదీ అతనే. భర్త ఫోన్లో ‘వాడు మనవాడే, చెప్పినట్టు చేయించు’ అంటున్నారు. వచ్చే నెల కుటుంబమంతా శ్రీశైలం వెళ్లాలి. ‘64,000 పెట్టాలా? గట్టిగా అడిగితే ఇంట్లో గొడవవుతుందా? లేక నిజంగానే నాకు బండి గురించి తెలియక ఇలా అనిపిస్తోందా?’ అన్నది ఆమె ప్రశ్న.

*

ముందు మీ చివరి సందేహం. మీకు తెలియకపోవడమేమీ లేదు. ఒకే దారిలో, ఒకే ర్యాంపు మీద, ఏళ్ల తరబడి ఒకే బండి నడిపే మనిషికి దాని లాగుడు కాలికే తెలిసిపోతుంది. పైగా మీరు ‘ఏదో తేడాగా ఉంది’ అని వదిలేయలేదు. ఏ గేర్‌లో, ఎంత ఆర్‌పీఎం దగ్గర, ఏ చప్పుడుతో, ఏ రంగు పొగతో అన్నీ రాశారు. ఈ వివరాలు ఉన్నవి ఉన్నట్టే జాబ్ కార్డ్ మీద, అంటే బండి తీసుకునేటప్పుడు సర్వీస్ సెంటర్ రాసే కాగితం మీద, ఉండి ఉంటే మూడుసార్లు తిరగాల్సిన పని ఉండేది కాదు.

ఇప్పుడు మీరు పంపిన బిల్లు చూద్దాం. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, బ్రేక్ క్లీనింగ్, అలైన్‌మెంట్. వాటి మధ్యలో ఇంకో పద్దు ఉంది: ‘ఈజీఆర్ క్లీనింగ్, 3,500’. దీన్ని మీరు ఉత్తరంలో ఎక్కడా ప్రస్తావించలేదు, వాళ్లూ మీతో మాట్లాడినట్టు లేరు. నా దృష్టి మాత్రం అక్కడే ఆగింది. ఈజీఆర్ అంటే సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్. అక్కడ మసి పేరుకుంటుంది కాబట్టి శుభ్రం చేయడం తప్పేం కాదు. కాకపోతే చాలా ఇంజిన్లలో దాని దగ్గరికి చెయ్యి వెళ్లాలంటే గాలి పైపులు విప్పాలి. ఎయిర్ ఫిల్టర్ మార్చడానికీ ఫిల్టర్ డబ్బా తెరవాలి, చాలా బండ్లలో గాలి సెన్సర్ ప్లగ్గు ఊడదీయాలి. అంటే ఈ సర్వీసింగ్‌లో మీ ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిని ఒకటికి రెండు చోట్ల విప్పి బిగించి ఉంటారు. అక్కడ పైపును బిగించి పట్టే క్లాంపు ఒక్కటి సరిగ్గా కూర్చోకపోయినా, ఏడెనిమిదేళ్ల వేడికి గట్టిపడిన రబ్బరు పైపు విప్పేటప్పుడు చీలినా, మీరు రాసిన లక్షణాలన్నీ వస్తాయి.

ఎలాగో చెప్తాను. టర్బో బయటి గాలిని ఒత్తి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజిన్‌లోకి తోస్తుంది. మీలాంటి డీజిల్ ఇంజిన్లలో సుమారు 1,700 నుంచి 2,000 ఆర్‌పీఎం దగ్గర వచ్చే ఊపంతా ఈ ఒత్తిడి వల్లే. ఫిల్టర్ పక్కనుండే గాలి సెన్సర్ ‘ఇంత గాలి లోపలికి వెళ్లింది’ అని బండిలోని కంప్యూటర్‌కు చెబుతుంది. ఆ లెక్క ప్రకారమే డీజిల్ పడుతుంది. టర్బో దాటాక ఎక్కడో పైపు ఊడి గాలి బయటికి పోతే, లెక్కలో ఉన్న గాలి ఇంజిన్‌కు చేరదు. డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. కాలని డీజిలే నల్ల పొగ. పోయిన ఊపు కోసం మీరు ఇంకా నొక్కుతారు, మైలేజీ పడిపోతుంది. గాలి పోయే చోట ‘ఉస్స్’మంటుంది. మీ నాలుగు లక్షణాలకూ ఈ ఒక్క కారణం సరిపోతోంది. టర్బోను యాక్సిలరేటర్‌కు తగ్గట్టు నడిపించే చిన్న వాక్యూమ్ గొట్టం ఊడినా ఊపు ఇలాగే పోతుంది. పెన్ను రీఫిల్ కంటే కాస్త లావుండే ఆ గొట్టాన్ని పని తొందరలో చూసుకోకుండా తోసేయడం తేలిక.

మరి కాలనీ మెకానిక్ చెప్పిన ఇంజెక్టర్ల మాటేమిటి? ఇంజెక్టర్లు పాడైనా నల్ల పొగ వస్తుంది, అతను గాలిలోంచి పుట్టించి చెప్పలేదు. కానీ ఇంజెక్టర్లు సాధారణంగా సర్వీసింగ్ మర్నాడే ఒక్కసారిగా పాడవవు. పొద్దున్నే స్టార్టింగ్ కష్టమవడం, నిలబెట్టినప్పుడు ఇంజిన్ వణకడం లాంటివి ముందునుంచీ ఉంటాయి. మీరు అవేమీ రాయలేదు. డీజిల్ ఫిల్టర్ సరిగ్గా బిగించకపోయినా, లోపల గాలి చిక్కుకున్నా బండి జర్కులు కొడుతుంది, ఆగిపోతుంది, నల్ల పొగ మాత్రం ఇంత రాదు. క్లచ్ జారితే ఆర్‌పీఎం పెరుగుతుంది, వేగం పెరగదు. మీ బండిలో రెండూ పెరగడం లేదు. బ్రేకులు శుభ్రం చేసినప్పుడు ఒక చక్రం పట్టేస్తే కూడా బండి బరువెక్కినట్టు ఉంటుంది. అది ఒక్కటీ మీరే చూసుకోండి. పది నిమిషాలు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరికీ చెయ్యి తీసుకెళ్లండి, డిస్కును ముట్టుకోకుండా. ఒకదాని దగ్గర మాత్రమే సెగ కొడితే ఆ చక్రం సంగతి వేరే చూడాలి.

‘కొత్త ఫిల్టర్లు సెట్ అవ్వాలి’ అన్న మాట మీద ఎక్కువ రాయను. ఫిల్టర్లు సెట్ అవ్వవు. అవి చెప్పులు కావు.

టర్బో నిజంగానే పోయి ఉండవచ్చా? ఉండవచ్చు. 80,000 దాటిన డీజిల్ బండిలో అది జరగని పనేం కాదు, సర్వీసింగ్ వెంటనే జరగడం కాకతాళీయమూ కావచ్చు. కానీ టర్బో పోయిందని ఎలా తేల్చారో ఆ ఎస్టిమేట్‌లో ఒక్క ముక్క లేదు. టర్బో పాడైతే దాని గుర్తులు దానికుంటాయి: ఈల వేసినట్టు లేదా సైరన్‌లా చప్పుడు, నీలి పొగ, ఆయిల్ తగ్గిపోవడం, పైపు విప్పి చూస్తే ఇరుసు ఊగడం, రెక్కలు గీసుకుపోవడం. వీటిలో ఏది చూశారని అడగండి. పైపు లోపల పలుచగా ఆయిల్ తడి ఉంటే దాన్ని చూపించి భయపెట్టనివ్వకండి, కాస్త తడి మామూలే.

బండి నిలబెట్టి రేజ్ ఇచ్చినప్పుడు టర్బో మీద బరువు పడదు. కాబట్టి ఒత్తిడీ పెద్దగా పుట్టదు, పైపులో లీకు ఉన్నా బయటపడకపోవచ్చు. సర్వీస్ సెంటర్ బేలో బానెట్ ఎత్తి రెండుసార్లు రేజ్ ఇచ్చి ‘బాగానే ఉంది వదినా’ అన్నాడంటే అతను అబద్ధమాడాడని అనుకోనక్కర్లేదు. అక్కడ నిజంగానే బాగుండి ఉంటుంది. బండిని ఎత్తు మీద, ఏసీ వేసి, ముగ్గురు కూర్చుని, మూడో గేర్‌లో నడపాలి. మీ అత్తాపూర్ ర్యాంపే ఉంది. ఈసారి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి.

అలా నడుపుతున్నప్పుడే స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లోని వివరాలు చదివే పరికరం, పెట్టి చూడమనండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు కాబట్టి స్కానర్ పెట్టే ఉంటారు. కంప్యూటర్‌లో దాచి ఉన్న లోపాల కోడ్‌లు ఏమొచ్చాయో, వాటిని చెరిపేశారో లేదో రాతపూర్వకంగా అడగండి. ఇంజిన్ లైట్ వెలగకపోయినా లోపల కోడ్ ఉండే అవకాశముంది. పీ0299 అంటే టర్బో ఒత్తిడి చాలడం లేదని. పీ0101 అంటే గాలి సెన్సర్ లెక్క కుదరడం లేదని. పీ0087 అయితే డీజిల్ ఒత్తిడి తక్కువని, అప్పుడు చూడాల్సింది ఫిల్టర్, పంపు వైపు. అయితే ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పీ0299 రాగానే టర్బో మార్చేస్తారు. ఒత్తిడి చాలడం లేదని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది, టర్బో వల్లనా పైపు వల్లనా అన్నది చెప్పదు.

కోడ్ కంటే నమ్మదగింది లైవ్ రీడింగ్. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో పెడితే ప్రెషర్ సెన్సర్ బయటి గాలి ఒత్తిడి చూపిస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ అది 95 కిలోపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది. ర్యాంపు మీద పూర్తిగా నొక్కినప్పుడు మీలాంటి ఇంజిన్‌లో అది 200 చుట్టుపక్కలకో, ఇంకా పైకో వెళ్లాలి. 110, 120 దగ్గరే ఆగిపోతే మీ కాలు చెప్పింది నిజమని అంకెల్లో తేలినట్టే. ఆ తర్వాత పైపుల్లోకి పొగ ఎక్కించి లీకు వెతికే స్మోక్ టెస్ట్ చేయమనండి. పొగ ఎక్కడినుంచి వస్తే అక్కడే రంధ్రం. ఎక్కడా రాకపోతే, వాక్యూమ్ గొట్టం కూడా సరిగ్గా ఉంటే, అప్పుడు టర్బో విప్పి చూడటంలో అర్థముంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, అదే సర్వీస్ సెంటర్‌కు మళ్లీ వెళ్లడం. నా మొగ్గు దీనివైపే, కానీ వెళ్లే తీరు మారాలి. ఫోన్లో చెప్పడం మానేసి, సర్వీస్ మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టండి. సర్వీసింగ్ తేదీ, జాబ్ కార్డ్ నంబర్, మర్నాటినుంచి వచ్చిన మార్పు, మూడుసార్లు వాళ్లిచ్చిన మూడు కారణాలు, స్మోక్ టెస్ట్, స్కాన్ ప్రింట్ కావాలన్న మాట. అంతే, నిష్ఠూరాలేవీ వద్దు. దీని లాభం ఏమిటంటే, తప్పు వాళ్లదైతే వాళ్లే ఉచితంగా సరిచేయాలి. నష్టం, మళ్లీ రెండు రోజులు బండి లేకుండా గడపాలి, తమ తప్పును తామే ఒప్పుకునే మనుషులు తక్కువ. ఒకవేళ విప్పేటప్పుడు పాత రబ్బరు పైపు చీలిందని తేలితే, పైపు ధర మీరు పెట్టుకోవడం న్యాయంగానే ఉంటుందని నా అభిప్రాయం. పాత రబ్బరు ఎప్పుడో అప్పుడు పోయేదే. లేబర్ మాత్రం ఇవ్వక్కర్లేదు, ఈ రాకపోకల భారమూ మీరు మోయక్కర్లేదు.

రెండోది, అదే కంపెనీకి చెందిన వేరే డీలర్ దగ్గరికి వెళ్లడం. నగరంలో చాలా కంపెనీలకు ఒకటికి మించి సర్వీస్ సెంటర్లు ఉంటాయి, యజమాని వేరుగా ఉన్నది చూసుకోండి. అక్కడ పాత కథ చెప్పకుండా, ‘లాగుడు లేదు, కారణం తేల్చండి’ అని డయాగ్నసిస్‌కు మాత్రమే జాబ్ కార్డ్ రాయించండి. దానికి కొంత రుసుము పడుతుంది. కానీ వాళ్ల రిపోర్టు కూడా అదే కంపెనీ డీలర్ ఇచ్చింది కాబట్టి మొదటి వాళ్లు తేలిగ్గా తోసిపుచ్చలేరు.

మూడోది, బయట షెడ్డు. హైదరాబాద్‌లో టర్బో డీజిళ్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లకు కొదవలేదు. క్లాంపు ఊడటమే అయితే అరగంట పని, కొన్ని వందల్లో తేలిపోవచ్చు. ఖర్చు పరంగా ఇదే చవక. కానీ వాళ్లు ఒక్క బోల్టు విప్పినా ‘బయట చేయించారు కదా మేడమ్’ అన్న మాట సర్వీస్ సెంటర్‌కు దొరుకుతుంది. మీరు డబ్బు వెనక్కి అడగాలనుకుంటే ఈ దారి చివరికి ఉంచుకోండి. అడగకపోయినా ఫరవాలేదు, బండి బాగైతే చాలనుకుంటే ఇదే ముందు చేయండి. అందులో తప్పులేదు. పైపు మార్చే ముందు మాత్రం ఊడిన చోటును వీడియో తీయమనండి.

వీటికి సమాధానం రాకపోతే కంపెనీ కస్టమర్ కేర్, ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. చాలా తగాదాలు ఈ దశలోనే తెగుతాయి. వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లాల్సి వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. అత్తాపూర్ కాబట్టి మీకు రంగారెడ్డి జిల్లా. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు, గడువు రెండేళ్లు. కానీ అక్కడ నిలబడేది కాగితమే. 14,860 బిల్లు కోసం మీరు సెలవులు పెట్టి కమిషన్ చుట్టూ తిరగాలని నేను అనను. 64,000 పెట్టి టర్బో మార్చాక కూడా బండి లాగకపోతే అప్పుడు దాని గురించి ఆలోచించాలి.

ఆ పరిస్థితి రాకుండా ఒక షరతు పెట్టవచ్చు. టర్బో మార్చక తప్పదని వాళ్లు గట్టిగా అంటే, ‘మార్చాక ఇదే ర్యాంపు మీద లాగుడు తిరిగి రాకపోతే డబ్బు చెల్లించను, పాత టర్బో నాకే ఇవ్వాలి’ అని జాబ్ కార్డ్ మీద రాయించి సంతకం తీసుకోండి. రోగనిర్ధారణ మీద నమ్మకమున్నవాడు సంతకం పెడతాడు. వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

ఇప్పుడు ‘వదినా’ సంగతి. ఆ అబ్బాయి చెడ్డవాడని మీ ఉత్తరంలో ఎక్కడా అనిపించలేదు. సర్వీస్ అడ్వైజర్ పానా పట్టే మనిషి కాదు. లోపల మెకానిక్ చెప్పింది బయట మీకు చెబుతాడు. ఎస్టిమేట్లు తేవాలన్న ఒత్తిడీ అతని మీద ఉంటుంది. అందుకే గొడవను అతని మీదికి కాకుండా బండి మీదికి తిప్పండి. ‘తమ్ముడూ, నీ మీద కాదు. మీ వర్క్‌షాపులో ఈజీఆర్ చేసినప్పుడు విప్పిన పైపులు మళ్లీ చూడమను, స్కాన్ ప్రింట్ ఇప్పించు’ అని అడిగితే అతనికీ లోపల మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది. మరిదికి ముందే ఒక ముక్క చెప్పి ఉంచండి, ఈమెయిల్ సంగతి అతనికి స్నేహితుడి నోట తెలియడం బాగుండదు. మీవారు మస్కట్‌లో ఉండి ఆ పొగ చూడలేదు, ఆ చప్పుడు వినలేదు. ర్యాంపు మీద బాబుతో వీడియో తీయించి పంపండి. ‘మనవాడే’ అన్న మాట 14,000 దగ్గర చెల్లుతుంది, 64,000 దగ్గర ఆయనా ఒకసారి ఆలోచిస్తారు.

మామగారి సలహా గురించి: పదేళ్లకే డీజిల్ బండి మూలపడేసే నిబంధన ఇక్కడ లేదు, మీ రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్ల గడువుంది. అమ్మాలనుకున్నా నల్ల పొగ వదిలే బండికి కొనేవాడు టర్బో ఖర్చు తగ్గించే ధర చెబుతాడు. బాగుచేయించాకే అమ్మకం మాట.

శ్రీశైలానికి మాత్రం ఈ బండి ఇలా ఉండగా తీసుకెళ్లకండి. నల్లమల ఘాట్‌లో, నిండా మనుషులతో, ఎదురుగా బస్సు వస్తుండగా ఓవర్‌టేక్‌లో ఊపు అందకపోతే ప్రమాదం. ఆ దారిలోని మన్ననూర్ అటవీ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు కాబట్టి ఆలస్యమైతే అక్కడే చిక్కుకుంటారు. రెండు కుటుంబాలు కలిసి అద్దె బండి మాట్లాడుకున్నా నయమే.

ఊళ్లో తిరగడానికి కూడా దీన్ని వారాల తరబడి ఇలాగే నడపొద్దు. లీకు టర్బోకు ముందు ఉంటే ఫిల్టర్ కాని దుమ్ము లోపలికి పోయి రెక్కల్ని తినేస్తుంది. తర్వాత ఉంటే, పోయిన ఒత్తిడిని భర్తీ చేయడానికి టర్బో మామూలు కంటే ఎక్కువ వేగంతో తిరుగుతూ అరిగిపోతుంది. ఈరోజు బాగానే ఉన్న టర్బో అలా కొన్నాళ్లకు నిజంగానే పోవచ్చు, అప్పుడు ఆ ఎస్టిమేటే సరైనదని తేలుతుంది. కాబట్టి ఈమెయిల్ ఈ వారమే పెట్టండి.

రెండో డీలర్ దగ్గర కూడా, పైపులన్నీ చూశాక, టర్బోయే అని తేలితే కొత్తది కొనే ముందు ఒక మాట అడగండి. చాలా టర్బోలకు ఇరుసు, రెక్కలు ఉండే లోపలి కోర్ మాత్రమే మార్చి రీకండిషన్ చేస్తారు, కొత్తదానికంటే చాలా తక్కువలో అవుతుంది. ఆయిల్ వచ్చే పైపును కూడా మార్చడమో శుభ్రం చేయడమో అందులో కలిపి రాయించండి. పాత పైపులో మసి ఉండిపోతే కొత్త టర్బోకూ ఆయిల్ సరిగ్గా అందదు.